ఒలింపిక్స్‌లో భారత్ ఆఖరి గోల్ అమ్ముగూడ బలరాందే

1960 సెప్టెంబరు 1. రోమ్ ఒలింపిక్స్ ఫుట్‌బాల్ పోటీల్లో భాగంగా ఇటలీలోని లాక్విలా పట్టణంలో భారత్, పెరూ తలపడుతున్నాయి. పెరూ అప్పటికే 3 గోల్స్ కొట్టింది. మనకు ఒక్కటీ లేదు. 88వ నిమిషంలో తులసీదాస్ బలరాం బంతిని వలలోకి పంపారు. మ్యాచ్ 1-3తో చేజారింది. ఆ తర్వాత భారత ఫుట్‌బాల్ జట్టు మళ్లీ ఒలింపిక్స్ గడప తొక్కలేదు. అందుకే ఆరున్నర దశాబ్దాలు గడిచినా, ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మన దేశం కొట్టిన ఆఖరి గోల్ ఇప్పటికీ అదే.

ఆ గోల్ కొట్టిన మనిషి మన తెలంగాణవాడు. సికింద్రాబాద్ పక్కన ఉన్న అమ్ముగూడలో 1936లో పుట్టారు. 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో, 86 ఏళ్ల వయసులో కన్నుమూశారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో ఏ బడి పిల్లవాణ్ని అడిగినా క్రికెట్ సెంచరీల లెక్క గుక్కతిప్పుకోకుండా చెబుతాడు. బలరాం పేరు మాత్రం చెప్పలేడు. తప్పు పిల్లలది కాదు, చెప్పని పెద్దలది. ఆ లోటు కొంతైనా తీర్చడానికి ఆయన ఆటజీవితాన్ని అంకెల్లో చూద్దాం. ఒక మామూలు ఇంటి పిల్లవాడు ఆసియా విజేతగా ఎదగడానికి ఏమేం కావాలో ఆ అంకెలే చెబుతాయి.

10లో 2

ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టు మొత్తం 4 సార్లు ఆడింది. వరసగా 1948, 1952, 1956, 1960. ఆ లెక్క ఇదీ:

- 1948, లండన్: ఫ్రాన్స్ చేతిలో 1-2తో ఓటమి.
- 1952, హెల్సింకీ: యుగోస్లావియా చేతిలో 1-10తో ఓటమి.
- 1956, మెల్‌బోర్న్: ఆస్ట్రేలియాపై 4-2తో గెలుపు. సెమీస్‌లో యుగోస్లావియా చేతిలో 1-4తో, కాంస్యం కోసం ఆడిన మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 0-3తో ఓటమి.
- 1960, రోమ్: హంగరీ చేతిలో 1-2తో ఓటమి, ఫ్రాన్స్‌తో 1-1 డ్రా, పెరూ చేతిలో 1-3తో ఓటమి.

మొత్తం 8 మ్యాచ్‌లు. ఒక గెలుపు, ఒక డ్రా, 6 ఓటములు. కొట్టిన గోల్స్ 10, ఇచ్చుకున్నవి 27. ఆ పదింటిలో 4 నెవిల్ డిసౌజావి. ఆస్ట్రేలియాపై హ్యాట్రిక్ కొట్టింది ఆయనే. ఆయన తర్వాతి స్థానం 2 గోల్స్‌తో బలరాంది. మిగిలిన నాలుగింటిని నలుగురు తలా ఒకటి కొట్టారు. రోమ్ వరకే చూస్తే బలరాం వాటా ఇంకా పెద్దది. అక్కడ జట్టు కొట్టినవి 3 గోల్స్, వాటిలో 2 ఆయనవే. మూడోది ఆ జట్టు కెప్టెన్ పి.కె.బెనర్జీ ఫ్రాన్స్‌పై కొట్టినది.

ఆ రెండు గోల్స్‌లో బరువైనది మొదటిది. 1960 ఆగస్టు 26న హంగరీపై 79వ నిమిషంలో వచ్చింది. హంగరీ ఆషామాషీ జట్టు కాదు. 1952లో ఒలింపిక్ స్వర్ణం గెలిచింది, రోమ్‌లో కాంస్యం అందుకుంది. ఆ రోజు మనపై ఒక గోల్ కొట్టిన ఫ్లోరియాన్ ఆల్బర్ట్ 1967లో యూరప్ ఉత్తమ ఫుట్‌బాలర్‌గా బాలన్ డోర్ అందుకున్నారు. అలాంటి జట్టుతో ఆట ముగిసేసరికి తేడా ఒక్క గోల్ మాత్రమే.

1-10 నుంచి 1-2 దాకా

హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో పది గోల్స్ తిన్నది 1952లో. హంగరీతో ఒక్క గోల్ తేడాతో ఓడింది 1960లో. ఈ ఎనిమిదేళ్లలో ఏం మారింది?

మొదటి మార్పు కాళ్లకు వచ్చింది. 1948, 1952 ఒలింపిక్స్‌లో మన ఆటగాళ్లు చాలామంది వట్టి కాళ్లతో ఆడారు. మన పొడి మైదానాల్లో అది చెల్లింది. హెల్సింకీ చలిలో, తడి నేలలో చెల్లలేదు. ఆ ఓటమి తర్వాతే జాతీయ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది.

రెండో మార్పు మెదళ్లకు వచ్చింది. దాని పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టిన హైదరాబాదీ, వృత్తిరీత్యా బడిపంతులు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు గెలిచింది. భారత జట్టుకు 1951 ఆసియా క్రీడల్లో స్వర్ణం, 1956లో ఒలింపిక్ సెమీస్, 1962లో మళ్లీ ఆసియా స్వర్ణం ఆయన శిక్షణలోనే దక్కాయి. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో సెమీస్ చేరిన తొలి ఆసియా జట్టు మనదే.

రహీం పద్ధతి ఈనాటి పీఈటీ సార్లకూ పనికొచ్చేంత సరళం. కుర్రాళ్లకు ఆయన వింత వింత టోర్నీలు పెట్టేవారు. ఒక టోర్నీలో డ్రిబ్లింగ్ నిషిద్ధం. బంతి అందగానే పక్కవాడికి పాస్ చేయాల్సిందే. ఇంకో టోర్నీలో అలవాటు లేని కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమ కాలితో తన్నాలి. దీంతో రెండు లాభాలు. బంతి మనిషి కంటే వేగంగా కదులుతుంది, ఆటగాడికి రెండు కాళ్లూ సమానంగా పనిచేస్తాయి. ముందువరసలో ఎడమ వింగ్‌లోనైనా, మధ్యలోనైనా, లెఫ్ట్ ఇన్‌గానైనా బలరాం ఇట్టే ఒదిగిపోయారంటే ఈ హైదరాబాద్ బడి వేసిన పునాదే కారణం.

15 కిలోమీటర్లు

తొలినాళ్లలో బలరాం హైదరాబాద్‌లోని రైడర్స్ క్లబ్ తరఫున ఆడారు. ఆయన్ను రహీం చూశారు, పట్నానికి వచ్చి సాధన చేయమన్నారు. చిక్కల్లా దూరంతోనే. అమ్ముగూడ నుంచి హైదరాబాద్ నడిబొడ్డుకు ఇవాళ్టి రోడ్ల లెక్కన 15 కిలోమీటర్లు, కాస్త అటూఇటూ. రోజూ వచ్చిపోయే స్తోమత ఆ ఇంటికి లేదు. విషయం తెలిసిన రహీం సైకిలు అద్దెకు డబ్బు తానే ఇచ్చారు.

బలరాం కథలో అన్నిటికన్నా చిన్న ఖర్చు ఇదే. అన్నిటికన్నా పెద్ద ఫలితమూ దీనిదే. ఆ సైకిలు అద్దె అందకపోతే 1956 సంతోష్ ట్రోఫీ గెలిచిన హైదరాబాద్ జట్టులో బలరాం ఉండేవారు కాదు. అదే ఏడాది నవంబరు, డిసెంబరుల్లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులోనూ ఉండేవారు కాదు. అప్పటికి ఆయన వయసు 20. ఆ జట్టులో గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, డిఫెండర్ అజీజుద్దీన్, హాఫ్‌బ్యాక్ నూర్ మహమ్మద్ లాంటి హైదరాబాద్ ఆటగాళ్లు కూడా ఉన్నారు. భారత ఫుట్‌బాల్‌కు కలకత్తా ఎంత పెద్ద కేంద్రమో ఆ రోజుల్లో హైదరాబాదూ అంతే.

వందకు పైగా గోల్స్

1957లో బలరాం కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్ క్లబ్‌లో చేరారు. ఆ క్లబ్ ఎరుపు, బంగారు రంగుల చొక్కాలో ఆయన వందకు పైగా గోల్స్ కొట్టారు. ఆ కాలంలో ఈస్ట్ బెంగాల్ ఖాతాలో చేరిన ప్రధాన విజయాలు ఇవి: 1958లో ఐఎఫ్ఏ షీల్డ్, 1960లో మోహన్ బగాన్‌తో ఉమ్మడిగా డ్యూరాండ్ కప్, 1961లో కలకత్తా లీగ్, అదే ఏడాది మోహన్ బగాన్‌తో ఉమ్మడిగా ఐఎఫ్ఏ షీల్డ్.

వీటిలో 1961 లీగ్‌కు విలువ ఎక్కువ. 1952 తర్వాత ఈస్ట్ బెంగాల్‌కు ఆ టైటిల్ దక్కలేదు. 9 ఏళ్ల నిరీక్షణకు తెరపడిన ఆ ఏడాది జట్టు కెప్టెన్ బలరామే. పరాయి రాష్ట్రం నుంచి వచ్చినవాణ్ని బెంగాలీ అభిమానులు తమ కెప్టెన్‌గా నెత్తిన పెట్టుకున్నారు. ఆయన కూడా ఆ నేలను వదల్లేదు. ఆట మానేశాక హుగ్లీ నది ఒడ్డున ఉత్తరపారాలో స్థిరపడ్డారు.

5 మ్యాచ్‌లు, 11 గోల్స్, ఒక స్వర్ణం

ఆయన జీవితంలో శిఖరం 1962 జకార్తా ఆసియా క్రీడలు. చునీ గోస్వామి కెప్టెన్, రహీం శిక్షకుడు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో దెబ్బ తగిలింది. ఆ తర్వాత థాయ్‌లాండ్‌పై 4-1, జపాన్‌పై 2-0, సెమీస్‌లో దక్షిణ వియత్నాంపై 3-2. ఫైనల్లో ఎదురుపడింది మళ్లీ దక్షిణ కొరియానే.

మొత్తం 5 మ్యాచ్‌ల్లో మనవాళ్లు కొట్టినవి 11 గోల్స్, ఇచ్చినవి 6. పదకొండింటిలో 2 బలరాంవి. ఒకటి థాయ్‌లాండ్‌పై, ఒకటి జపాన్‌పై. ఓటమితో మొదలైన టోర్నీలో జట్టును నిలబెట్టిన రెండు మ్యాచ్‌లూ అవే.

సెప్టెంబరు 4న సెనయన్ స్టేడియంలో ఫైనల్. దాదాపు లక్ష మంది ప్రేక్షకులు. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఇండోనేషియా క్రీడలకు రానివ్వకపోవడాన్ని భారత క్రీడా ప్రతినిధి జి.డి.సోంధీ తప్పుపట్టారన్న కోపంతో ఆ జనమంతా మనకు వ్యతిరేకంగా అరుస్తున్నారు. 17వ నిమిషంలో పి.కె.బెనర్జీ గోల్ కొట్టారు. 20వ నిమిషంలో జర్నైల్ సింగ్ రెండోది కొట్టారు. జర్నైల్ అసలు డిఫెండర్. తలకు గాయమై కుట్లు పడితే రహీం ఆయన్ను ముందువరసకు మార్చారు. చివరికి స్కోరు 2-1. స్వర్ణం మనది. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ స్వర్ణం రాలేదు. 1970లో వచ్చిన కాంస్యమే ఆఖరి పతకం.

పి.కె., చునీ, బలరాంలను ఆనాటి అభిమానులు త్రిమూర్తులుగా కొలిచారు. బలరాంకు 1962 సంవత్సరానికి అర్జున అవార్డు దక్కింది.

36 మ్యాచ్‌లకు 10 గోల్స్: తక్కువేనా?

భారత్ తరఫున బలరాం లెక్క 36 మ్యాచ్‌లు, 10 గోల్స్. సగటున 3 లేదా 4 మ్యాచ్‌లకు ఒక గోల్. ఈ తరం ఆటగాడు సునీల్ ఛెత్రీ లెక్కతో పోలిస్తే ఇది చిన్నగా కనిపిస్తుంది. 2024 జూన్‌లో వీడ్కోలు మ్యాచ్ ముగిసేనాటికి ఛెత్రీ 19 ఏళ్లలో 151 మ్యాచ్‌లు ఆడి 94 గోల్స్ కొట్టారు. ఆ తర్వాత మళ్లీ జట్టులోకి వచ్చారు కూడా. అయితే ఈ రెండు లెక్కలను పక్కపక్కన పెట్టేముందు మూడు సంగతులు గుర్తుంచుకోవాలి.

ఒకటి, కాలం. బలరాం దేశం తరఫున ఆడింది 1956 నుంచి 1962 దాకా. సుమారు ఏడేళ్లు. ఏడాదికి సగటున 5 మ్యాచ్‌లు. ఒలింపిక్స్, ఆసియా క్రీడలు, మలయాలో జరిగే మెర్డెకా టోర్నీ, వాటి అర్హత పోటీలు. అంతకు మించి అవకాశాలు తక్కువ. ఛెత్రీకి ఏడాదికి సగటున 8 మ్యాచ్‌లు దక్కాయి.

రెండు, స్థానం. ఛెత్రీ జట్టులో ప్రధాన స్ట్రైకర్. బలరాం చాలా మ్యాచ్‌ల్లో ఎడమవైపు నుంచి ఆట నడిపిన మనిషి. పి.కె., చునీ కొట్టే గోల్స్‌కు దారి వేయడం ఆయన పనిలో పెద్ద భాగం. గోల్‌కు ముందు పాస్ ఎవరిచ్చారో ఆనాటి స్కోరుపట్టికలు రాసుకోలేదు. కనుక ఆయన కష్టంలో సగం కాగితం మీదకు ఎక్కనే లేదు.

మూడు, ఎదుటి జట్లు. పదిలో 2 గోల్స్ ఒలింపిక్స్ ప్రధాన పోటీల్లో వచ్చాయి. ఇంకో 2 ఆసియా స్వర్ణం గెలిచిన టోర్నీలో వచ్చాయి. అంటే దాదాపు సగం గోల్స్ అత్యున్నత వేదికలపైనే. ఈ ప్రమాణంతో తూస్తే బలరాం లెక్క చిన్నది కాదు.

27 ఏళ్లు, ఒక చెడ్డ సంవత్సరం

1963 భారత ఫుట్‌బాల్‌కు అచ్చిరాని ఏడాది. జూన్ 11న క్యాన్సర్‌తో రహీం మరణించారు. జకార్తాలో జట్టును గెలిపించే నాటికే ఆ జబ్బు ఆయన్ను తినేస్తోంది. అదే ఏడాది ఊపిరితిత్తుల జబ్బు కారణంగా, 27 ఏళ్లు నిండీ నిండకముందే బలరాం పోటీ ఆటకు దూరమయ్యారు. ఫార్వర్డ్ ఆటగాడికి ఆట పండే వయసది. మరో ఐదారేళ్లు ఆడగలిగి ఉంటే ఆ 36, ఆ 10 ఎక్కడికి చేరేవో ఊహించడం కష్టం కాదు.

ఇక మిగిలిన అంకె సున్నా. త్రిమూర్తుల్లో చునీ గోస్వామికి 1983లో, పి.కె.బెనర్జీకి 1990లో పద్మశ్రీ వచ్చింది. బలరాంకు రాలేదు. ఆ బాధను ఆయన దాచుకోలేదు కూడా. ముగ్గురూ ఒకే స్వర్ణం గెలిచారు, ఒకే ముందువరసలో పరుగెత్తారు. ఇద్దరికి దక్కిన గౌరవం మూడో మనిషికి దక్కకపోవడం అన్యాయం. ఈ మాట చెప్పడానికి మొహమాటపడాల్సిన పని లేదు.

పొరుగు జిల్లా నుంచి అదే క్లబ్‌కు

బలరాం కథ గతం అనుకుంటే పొరపాటు. కోరుట్లకు వంద కిలోమీటర్ల లోపే ఉన్న నిజామాబాద్ వైపు చూడండి. ఆ జిల్లా తండా బిడ్డ గుగులోతు సౌమ్య భారత మహిళల జట్టు ఫార్వర్డ్. 2022లో క్రొయేషియాలోని దినామో జాగ్రెబ్ క్లబ్‌కు ఆడారు. 2024-25 సీజన్‌లో ఇండియన్ ఉమెన్స్ లీగ్ గెలిచిన ఈస్ట్ బెంగాల్ జట్టులో ఉన్నారు. ఆ సీజన్‌కు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను దేశంలో ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపిక చేసింది. బలరాం 1961లో లీగ్ గెలిపించిన అదే ఎరుపు, బంగారు చొక్కా మన ఉత్తర తెలంగాణ ఆడబిడ్డ వేసుకుంది.

సౌమ్య దారికీ బలరాం దారికీ పోలిక ఒకటే. ఇద్దరికీ దగ్గరలో గురువు దొరికారు. ఒకరికి సైకిలు దూరంలో, ఒకరికి సొంత జిల్లాలో. సిరిసిల్ల నుంచి హైదరాబాద్ సుమారు 140 కిలోమీటర్లు. జగిత్యాల, కోరుట్లల నుంచి 200 కిలోమీటర్లు అటూఇటూ. పదేళ్ల పిల్లో పిల్లవాడో శిక్షణ కోసం ఆ దూరం పోలేరు. శిక్షకుడే ఇటు రావాలి.

అందుకు కావాల్సిన లెక్క కూడా పెద్దదేమీ కాదు. పూర్తి కొలతల ఫుట్‌బాల్ మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. మన కొలతలో దాదాపు ఎకరం 31 గుంటలు. పన్నెండేళ్ల లోపు పిల్లలు ఏడుగురేసి ఆడుకోవడానికి 60 మీటర్లు, 40 మీటర్లు చాలు. అంటే 24 గుంటలకు లోపే. చాలా జడ్పీ హైస్కూళ్లకు ఆ మాత్రం జాగా ఉంది. 8 నుంచి 12 ఏళ్ల వాళ్లకు 4వ సైజు బంతి, ఆపైన 5వ సైజు బంతి. జట్టుకు ఒకటి కాకుండా ఇద్దరికి ఒక బంతి ఉంటే రహీం చెప్పిన సాధన కుదురుతుంది. శిక్షకులు కావాలనుకునే కుర్రాళ్లకు జాతీయ సమాఖ్య డి-లైసెన్స్ కోర్సు ఉంది. పిల్లల కోసం హకీంపేట క్రీడా పాఠశాల, దాని తోడుగా కరీంనగర్ ప్రాంతీయ క్రీడా పాఠశాల ఉన్నాయి. వాటికి 4వ తరగతిలో చేర్చుకునే ఎంపికలు మండల స్థాయి నుంచే జరుగుతాయి.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పెద్దలకు ఒక విన్నపం. ఈ వేసవిలో మీ బడి మైదానంలో డ్రిబ్లింగ్ నిషేధించి పిల్లలకు ఒక చిన్న టోర్నీ పెట్టండి. దానికి బలరాం పేరు పెట్టండి. పది పన్నెండు కిలోమీటర్ల అవతలి పల్లె నుంచి వచ్చే పిల్లవాడుంటే వాడి బస్సు ఛార్జీ ఎవరో ఒకరు భరించండి. దేశానికి బలరాంను ఇచ్చింది అంతపాటి సాయమే.